బోర్డు పెట్టుకుని వచ్చే భూతాలు: ‘కరేజ్ ది కవర్డ్‌లీ డాగ్’ విలన్ల లెక్క

లాడ్జి ఓనరు. మతిమరుపుకి వైద్యం చేసే డాక్టరు. బార్బరు. మిఠాయి కొట్టాయన. నాటకాల కంపెనీ మేనేజరు. ‘కరేజ్ ది కవర్డ్‌లీ డాగ్’ అనే కార్టూన్ సీరీస్‌లో మ్యూరియల్ ముసలావిడ ప్రాణం మీదికి తెచ్చినవాళ్ళని వరసగా రాసుకుంటే, ఏ టౌన్లోనైనా మెయిన్ రోడ్డు మీద కనిపించే బోర్డుల్లా ఉంటుంది. ఈ సీరీస్ భయపెట్టే కిటుకంతా అక్కడే ఉంది. ఇక్కడి రాక్షసుడు చాలాసార్లు మర్యాదగా తలుపు తట్టి, ఏదో ఒక సర్వీసు పేరు చెప్పుకుని వస్తాడు. తలుపు తీసేది ఇంట్లోవాళ్ళే. మన ఊళ్ళలో ఒకప్పుడు తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసుకునేవాళ్ళు గుర్తున్నారా? ఈ ఇంటి తలుపు మీద ‘ఎవరైనా ఇప్పుడే రండి’ అని రాసి ఉన్నట్టు ఉంటుంది వ్యవహారం.

చూడనివాళ్ళ కోసం రెండు ముక్కలు. అమెరికాలో కాన్సాస్ రాష్ట్రం. చుట్టూ కనుచూపు మేర ఏమీ లేని బయలు. ఊరి పేరే ‘నోవేర్’, అంటే ఎక్కడా కానిది. అక్కడ పాతబడ్డ చెక్క ఇల్లు, అందులో ముగ్గురు: స్కాట్లాండ్ నుంచి వచ్చిన మెత్తటి మనసు మ్యూరియల్, పిసినిగొట్టు మొగుడు యూస్టస్, గులాబీ రంగు కుక్క కరేజ్. పేరు ధైర్యం, పని వణకడం. జాన్ ఆర్ డిల్‌వర్త్ 1996లో తీసిన చిన్న కార్టూన్‌తో మొదలైంది. అంతరిక్షం నుంచి దిగిన కోడి అందులో విలన్. దానికి ఆస్కార్ నామినేషన్ వచ్చింది. 1999 నవంబర్ నుంచి 2002 నవంబర్ వరకు కార్టూన్ నెట్‌వర్క్‌లో నాలుగు సీజన్లు, 52 ఎపిసోడ్లు నడిచింది. ఒక్కో ఎపిసోడ్‌లో సాధారణంగా 11 నిమిషాల కథలు రెండు.

ఆ 11 నిమిషాల లెక్క గట్టిది. మొదట్లోనే విలన్ గడపలో ఉంటాడు. కరేజ్‌కి వెంటనే అర్థమవుతుంది, చెప్పబోతే మాట రాదు. ఒళ్ళంతా సాగదీసి, రాబోయే ప్రమాదం ఆకారంలోకి తానే మారిపోయి మూకాభినయం చేస్తాడు. మ్యూరియల్‌కి అది అల్లరి, యూస్టస్‌కి చిరాకు. యూస్టస్ పెద్ద ఆకుపచ్చ మాస్క్ తగిలించుకుని కుక్కనే ఇంకాస్త హడలగొడతాడు. అప్పుడు కరేజ్ అటక మీద కంప్యూటర్ దగ్గరికి పరిగెడతాడు. అదేమో బ్రిటిష్ యాసలో వెటకారంగా సమాధానం చెబుతుంది. చివరి రెండు మూడు నిమిషాల్లో గండం గట్టెక్కాలి. ఇంత ఇరుకులో విలన్‌కి ఫ్లాష్‌బ్యాక్‌లు పెట్టే చోటు ఉండదు. కాబట్టి వాడి వృత్తి, గొంతు, వాడికి కావలసిన ఒక్క వస్తువు, ఈ మూడింటితోనే మనిషి తయారవ్వాలి. మూడూ కుదిరిన విలన్ పాతికేళ్ళయినా మర్చిపోలేం. ఒకటి తగ్గితే మర్నాటికి పేరు కూడా గుర్తుండదు.

మూడూ కుదిరినవాడు కాట్జ్. మొదటి ఎపిసోడ్ విలన్. సన్నగా పొడుగ్గా, ముదురు ఎరుపు రంగులో ఉండే పిల్లి. తన మోటెల్‌లో దిగిన అతిథుల్ని పెంపుడు సాలీళ్ళకి మేత వేస్తాడు. గొంతు ఎత్తడు, పరిగెత్తడు. తేనె పూసిన కత్తి అంటే ఇదే. కుక్కలకి ప్రవేశం లేదనే రూలుతో కాపలా కుక్కని బయటే ఆపేస్తాడు. హోటళ్ళలో రోజూ చూసే రూలే, ఎవరికీ అనుమానం రాదు. పైగా కరేజ్‌ని చంపే ముందు కాసేపు ఆడుకుందామని గోడకి బంతి కొట్టే ఆటకి పిలుస్తాడు. చంపడానికి తొందరేమీ లేని మనిషి కంటే భయంకరమైనవాడు లేడని ఈ ఒక్క సీన్ చాలు చెప్పడానికి. తర్వాత ఇదే కాట్జ్ హాలిడే క్లబ్ పెడతాడు, మిఠాయి దుకాణం పెడతాడు. బోర్డు మారుతుంది, పద్ధతి మారదు. మిఠాయి ఎపిసోడ్‌లో కరేజ్‌తో కళ్ళార్పకుండా చూసుకునే పోటీ ఉంటుంది. కాట్జ్ ఎపిసోడ్లన్నిటిలో కెమెరా కదలకుండా ఇంత ఉత్కంఠ పుట్టించింది అదే.

కాట్జ్‌కి గొంతిచ్చిన పాల్ షోఫ్లరే లె క్వాక్ అనే ఫ్రెంచి బాతుకీ గొంతిచ్చాడు. మ్యూరియల్‌కి మతిపోతే స్పెషలిస్టునని చెప్పి దిగుతాడు ఈ బాతు. వైద్యం అనేది పేరుకే. ఇంట్లో డబ్బు ఎక్కడ దాచారో చెప్పమని హింసిస్తాడు. మొదటిసారి బాగా పండింది. తర్వాత వచ్చినప్పుడల్లా కొంచెం కొంచెం తేలిపోయాడు. కారణం తేలికే: కాట్జ్‌కి కావలసింది సరదా, దానికి అంతు లేదు. లె క్వాక్‌కి కావలసింది డబ్బు. డబ్బు కోసం వచ్చే దొంగని రెండోసారి చూస్తే దొంగే, భూతం కాడు.

ఇక ఫ్రెడ్. మ్యూరియల్ మేనల్లుడు, బార్బరు. ముఖం మీంచి చెదరని నవ్వు, లోపల అణచుకోలేని కత్తెర దురద. కథంతా అతని మనసులో మాటగా, ప్రాసలో నడుస్తుంది. ప్రతి చరణం తిరిగి తిరిగి ఒకే మాట దగ్గర ఆగుతుంది: ‘నాటీ’, అంటే తుంటరి. బాత్రూమ్‌లో కరేజ్, ఫ్రెడ్ ఇద్దరే చిక్కుకుంటారు. చిన్నప్పటి పెంపుడు జంతువు జుట్టు ఎలా తీశాడో, ప్రియురాలి జడ ఎలా తీశాడో చెప్పుకుంటూ కరేజ్ బొచ్చు ఒక్కో పట్టీ గీసేస్తుంటాడు. జాగ్రత్తగా గమనిస్తే ఇందులో రక్తం చుక్క లేదు, దెబ్బ లేదు. పోయింది జుట్టు, మళ్ళీ మొలుస్తుంది. అయినా ఒళ్ళు జలదరిస్తుంది, ఎందుకంటే కత్తి పట్టుకున్నవాడు ప్రేమగా మాట్లాడుతున్నాడు, మనం కుర్చీలోంచి లేవలేం. దీన్ని మాత్రం ఇంగ్లిష్‌లోనే, సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూడాలి. ప్రాస పోతే ఫ్రెడ్‌లో సగం పోతాడు. ఏ డబ్బింగ్ కైనా అది కొరుకుడు పడని పని.

రామ్సెస్ రాజు ఎపిసోడ్ గురించి అందరూ మాట్లాడతారు, పిల్లలు ఎందుకు జడుసుకున్నారో మాత్రం కొద్దిమందే చెబుతారు. కథ చిన్నది: సమాధిలోంచి దొంగలెత్తుకొచ్చిన రాతి పలక ఈ ఇంటికి చేరుతుంది. రాత్రి పూట ఇంటి ముందు బయల్లో ఆ రాజు నిలబడి, పలక తిరిగి ఇచ్చెయ్యమంటాడు. యూస్టస్ బేరమాడతాడు, ‘ఎంతిస్తావ్’ అని. దానికి జవాబుగా మూడు శాపాలు: వరద, గ్రామఫోన్ పాట, మిడతల దండు. మధ్యలో ఉన్న ఆ పాట చూడండి, ఈ సీరీస్ హాస్యం రుచి అంతా అందులోనే తెలుస్తుంది. నీళ్ళకీ మిడతలకీ నడుమ శాపం కింద ఓ చెత్త రికార్డు వేస్తాడు రాజుగారు.

భయం సంగతి వేరే. ఇంట్లోవాళ్ళంతా చేత్తో గీసిన చదును బొమ్మలు. రామ్సెస్ ఒక్కడే కంప్యూటర్‌లో చేసిన త్రీడీ బొమ్మ. బూడిద రంగు, సన్నటి ఒళ్ళు, గాలికి గుడ్డ ఊగినట్టు ఉన్నచోటే ఊగుతుంటాడు. ఆ ప్రపంచం నియమాలు అతనికి వర్తించవని కంటికి ముందు తెలుస్తుంది, బుర్రకి తర్వాత తెలుస్తుంది. 1999 నాటి గ్రాఫిక్స్ మొరటుగా ఉండడం ఇక్కడ లోపమే కాదు, అదే వరం. ఇవాళ్టి నునుపు గ్రాఫిక్స్‌లో అదే బొమ్మ చేస్తే పనిచెయ్యదు. దీనికి రుజువు కూడా ఉంది. 2014లో వచ్చిన ‘ది ఫాగ్ ఆఫ్ కరేజ్’ అనే స్పెషల్ మొత్తాన్ని త్రీడీలో తీశారు. కథ దాదాపు అదే అచ్చు: యూస్టస్‌కి దొరికిన ఒక పతకం, దాని కోసం పొగమంచు రూపంలో వచ్చిన ఆత్మ. కానీ అక్కడ కుక్కా త్రీడీయే, ఇల్లూ త్రీడీయే, దెయ్యమూ త్రీడీయే. పరాయిది ఏదో కంటికి తెలియదు. చూడకపోయినా నష్టం లేదు.

చేతి బొమ్మల మధ్య పరాయి బొమ్మని పెట్టే రామ్సెస్ కిటుకుని సీరీస్‌లో మరో రెండు చోట్ల వాడారు. ‘హౌస్ ఆఫ్ డిస్‌కంటెంట్’లో చీకట్లో తేలే తెల్లటి నిజం మనిషి ముఖం ఒకటి. చివరి ఎపిసోడ్ ‘పర్ఫెక్ట్’లో కొన్ని సెకన్లు కనిపించి, నువ్వు పర్ఫెక్ట్ కాదని చెప్పే నీలి బొమ్మ ఇంకొకటి. ఆ రెండో కథలో అసలు విలన్ ఒక టీచరమ్మ. ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు, కుక్క చేసే ప్రతి పనిలోనూ తప్పు పడుతుంది. ఆవిడ దగ్గర మంత్రం లేదు, ఆయుధం లేదు. మార్కుల షీట్లతో పెరిగిన తెలుగు పిల్లలకి ఈవిడ రామ్సెస్ కంటే దగ్గరి మనిషి. విరుగుడు చెప్పేది బాత్ టబ్‌లోని చేప. పోట్లాట ఉండదు, కుక్క తన వంకర పద్ధతిలో తన పనులు చేసుకుపోతాడు, ఆవిడే విరిగిపోతుంది.

భూతంలా కనిపించి భూతం కానివాళ్ళు కూడా ఇందులో ఎక్కువే. బిగ్‌ఫుట్ అనే బొచ్చు అడవి మనిషికి ఉన్నది ఆకలే. ‘హంచ్‌బ్యాక్ ఆఫ్ నోవేర్’లో వచ్చే గూనివాడు ఆ ఇంటికొచ్చినవాళ్ళలోకెల్లా మంచివాడు. అక్కడ రాక్షసుడి పని యూస్టస్ చేస్తాడు. నిజానికి శాపాలు ఇంటికి రప్పించేది చాలాసార్లు యూస్టస్ పిసినారితనమే. అందుకే శిక్ష కూడా తరచూ అతనికే పడుతుంది: రామ్సెస్ కథ చివర్లో పలకలోనే ఇరుక్కుపోతాడు. పరుపులోంచి మ్యూరియల్‌కి పట్టిన దెయ్యం ఆఖరికి అతని ఒంట్లోకే చేరుతుంది. మరుసటి కథలో మళ్ళీ అదే కుర్చీలో పేపరు చదువుతూ కూర్చుంటాడు. ఇక సర్వీసు ఇచ్చేవాళ్ళలో మోసం తెలియని ఒకే ఒక్కడు డాక్టర్ విండాలూ. మన దేశపు యాస, గోవా కూర పేరు. పాపం ఆయన చెప్పేదల్లా తన చేతిలో ఏమీ లేదనే.

నాటకాల కంపెనీ పెట్టిన ఫ్యూసిలీ అనే మొసలి మొదటి సీజన్ ఆఖరి కథలో వస్తాడు. నటుల్ని తోలుబొమ్మల్లాగా తాళ్ళకి వేలాడే బొమ్మలుగా మార్చేస్తాడు. కరేజ్ అతన్ని ఓడిస్తాడు గానీ మ్యూరియల్, యూస్టస్ మళ్ళీ మనుషులు కారు. ఖాళీ ఇంట్లో కుక్క తాళ్ళు లాగుతూ వాళ్ళిద్దరి చేత రోజువారీ మాటలు ఆడించుకుంటాడు. పిల్లల చానల్‌లో దీన్ని ఎలా వెయ్యనిచ్చారో!

తేలిపోయినవి కూడా చెప్పాలి. చివరి సీజన్లలో కొందరు విలన్లు టైటిల్‌లోని శ్లేష కోసం పుట్టారు: ‘రంపుల్‌స్టిల్ట్‌స్కిన్’ అనే జానపద కథ పేరుని మెలితిప్పిన ‘రంపుల్డ్‌కిల్ట్‌స్కిన్’, ‘క్రౌచింగ్ టైగర్, హిడెన్ డ్రాగన్’ సినిమా పేరుని మెలితిప్పిన ‘స్క్వాటింగ్ టైగర్, హిడెన్ డాగ్’ లాంటివి. జోకు అర్థమయ్యాక మిగిలేది తక్కువ. మొదటి సీజన్‌లో కరేజ్ బాగానే మాట్లాడతాడు, తర్వాత మాటలు తగ్గించి అరుపులూ సైగలూ పెంచారు. ఈ మార్పు మంచిదే, కానీ బలహీనమైన విలన్ ఎదురైతే ఆ అరుపులే ఎపిసోడ్ అంతా నిండిపోతాయి. అదే నాలుగో సీజన్‌లో ‘ది మాస్క్’ ఉంది, 22 నిమిషాల ఒకే కథ. తెల్ల మాస్కు పెట్టుకున్న కిట్టీ అనే పిల్లి, కుక్కలంటే మండిపడుతుంది. తన స్నేహితురాలు బన్నీని ఒక గూండా కుక్క కొట్టి, బెదిరించి అట్టిపెట్టుకున్నాడు. ఇందులో మంత్రాలు, భూతాలు ఏవీ లేవు, ఇంట్లో చెయ్యిచేసుకునే మగాడే రాక్షసుడు. మొత్తం సీరీస్‌లో బరువైనది ఇదే, చిన్నపిల్లల పక్కన కూర్చుని చూడాల్సిందీ ఇదే.

చూసే పద్ధతి గురించి. బొమ్మ పాత టీవీ కొలత, 4:3. టీవీ సెట్టింగులో స్క్రీన్ నిండా సాగదీస్తే కాట్జ్ సన్నటి ఒళ్ళు లావెక్కిపోతుంది, సగం దర్జా పోతుంది. పక్కన నల్ల పట్టీలు ఉండనివ్వండి. కదలికని నునుపు చేసే మోషన్ స్మూతింగ్ ఆపెయ్యండి. అది ఉంటే చేతి బొమ్మకీ త్రీడీ బొమ్మకీ ఉన్న తేడా మసకబారుతుంది, రామ్సెస్ చప్పబడతాడు. ఫోన్ స్పీకర్ వద్దు. జోడీ గ్రే, ఆండీ ఎజ్రిన్ ఇచ్చిన సంగీతంలో మంద్ర స్వరాలూ నిశ్శబ్దమూ ముఖ్యం, అవి ఫోన్లో వినపడవు. ‘టాప్ టెన్ భయంకర విలన్లు’ తరహా క్లిప్పులు అసలు చూడొద్దు. విలన్ గడపలో నిలబడి మర్యాదగా మాట్లాడే మొదటి రెండు నిమిషాలు కోసేస్తారు, మిగిలేది కేకలే.

వరస ఇలా పెట్టుకుంటే బాగుంటుంది: ముందు కాట్జ్ మోటెల్, వెంటనే గూనివాడి కథ. రెండో రోజు ఫ్రెడ్, రామ్సెస్. తర్వాత ఫ్యూసిలీ. ‘ది మాస్క్’కి విడిగా ఒక సాయంత్రం. ‘పర్ఫెక్ట్’ ఆఖర్న. ఎనిమిదేళ్ళ లోపు పిల్లలుంటే బిగ్‌ఫుట్‌తో మొదలుపెట్టండి. రామ్సెస్‌ని ఇంకో రెండేళ్ళు ఆపొచ్చు. ఆగనంటే పగటిపూట, కర్టెన్లు తీసి పెట్టండి.