ఎకోస్పోర్ట్, ఇన్నోవా: ఒకే ఇంట్లో తొమ్మిదేళ్లు

మా ఇంట్లో రెండు డీజిల్ బండ్లున్నాయి. నాన్నగారు 2011లో కొన్న టొయోటా ఇన్నోవా, నేను 2016లో తీసుకున్న ఫోర్డ్ ఎకోస్పోర్ట్. మొదటిది 2,90,000 కిలోమీటర్లు తిరిగింది, రెండోది 1,38,000. అమెరికా కారు మంచిదా, జపాన్ కారు మంచిదా అన్న వాదన మా బంధువుల్లో ప్రతి పెళ్లిలోనూ వస్తుంది. రెండింటినీ నడిపినవాణ్ణి, సర్వీసు బిల్లులు కట్టినవాణ్ణి కాబట్టి నా మాట చెబుతాను.

ముందు తలుపు సంగతి. మనవాళ్లు కారు గట్టితనాన్ని తలుపు చప్పుడుతోనే తేల్చేస్తారు. ఎకోస్పోర్ట్ తలుపు ఇనప్పెట్టె మూతలా పడుతుంది. షోరూములో నేనూ దానికే ముచ్చటపడ్డాను. కానీ తలుపు బరువును బట్టి ఇంజన్ మన్నిక తెలియదు. ప్రమాదంలో లోపలివాళ్లను ఎంత కాపాడుతుందో కూడా తెలియదు, దానికి క్రాష్ పరీక్షలే ఆధారం.

ఎకోస్పోర్ట్ అసలు గొప్పతనం స్టీరింగులో ఉంది. హైదరాబాదు నుంచి విజయవాడ వస్తూ సూర్యాపేట దాటాక వంద వేగంలో కూడా అది చేతిలో నిలకడగా ఉంటుంది; ఎంత తిప్పితే అంతే తిరుగుతుంది, వంపులో బండి నేలను వదలదు. లారీని దాటాలంటే ఒక గేరు తగ్గించి తొక్కితే చాలు. తొమ్మిదేళ్ల తరువాత కూడా తెల్లవారుజామున దాని తాళం తీసుకుంటే నాకు హుషారు పుడుతుంది. ఇన్నోవాలో ఆ హుషారు దొరకదు. అది లారీలా ఛాసిస్ మీద బాడీ బిగించిన ఎత్తైన బండి, వెనక చక్రాలతో నడిచేది, 102 హార్స్‌పవర్. దాన్ని తొందరపెట్టకూడదు.

కానీ ఏడుగురం ఎక్కి, పైన సామాను కట్టి, మే నెలలో తిరుమల ఘాట్ ఎక్కినా దాని టెంపరేచర్ ముల్లు మధ్య గీత దాటలేదు. ఇన్నేళ్లలో క్లచ్ ఒకసారి, సస్పెన్షన్ బుష్‌లు (కుదుపులను మింగే రబ్బరు ముక్కలు) రెండుసార్లు మార్చాం. ఇంజన్ విప్పే అవసరం రాలేదు. డ్రైవర్ సీటు కవరు అంచు అరిగి స్పాంజి కనబడుతోంది, సెల్ఫ్ మాత్రం మొదటిసారికే అందుకుంటుంది.

నిజానికి ఈ రెండు కార్లూ సముద్రం దాటి వచ్చినవి కావు. ఎకోస్పోర్ట్‌ను చెన్నై దగ్గర మరైమలై నగర్‌లో, ఇన్నోవాను బెంగళూరు దగ్గర బిడదిలో మనవాళ్లే బిగించారు. కాబట్టి దేశం పేరు చెప్పి నాణ్యత తేల్చడం నాకు నచ్చదు. నేను చూసేది కంపెనీ ఎంతకాలం నిలబడుతుందనే. అమెరికా కంపెనీ జనరల్ మోటార్స్ 2017లో మన దేశంలో తన షెవ్రోలె కార్ల అమ్మకాలు ఆపేసింది. 1995లో మహీంద్రాతో కలిసి వచ్చిన ఫోర్డ్, 2021 సెప్టెంబరులో ఇక్కడ కార్ల తయారీ మానేస్తున్నట్టు చెప్పింది. ఆ వార్త చదివిన రోజు నాకు నిజంగా బాధేసింది. చెన్నై ప్లాంటును ఎగుమతుల కోసం మళ్లీ వాడతామని 2024లో ప్రకటించినా, మనం కొనుక్కోవడానికి కారు రాలేదు.

ఆ తరువాత నేను నేర్చుకున్నది, మెకానిక్‌ను వెతుక్కోవడమే. ముందు చక్రాన్ని బండికి కలిపి పట్టుకునే లోయర్ ఆర్మ్ కోసం ఒక వర్క్‌షాపు నన్ను పంతొమ్మిది రోజులు తిప్పింది. అదే ముక్కను మరో పెద్దాయన చెన్నైకి ఫోను చేసి, బస్సు పార్సిలులో రెండు రోజుల్లో తెప్పించారు. పాత ఫోర్డ్ కొనాలనుకునేవారు బండి కన్నా ముందు అలాంటి మనిషిని చూసుకోవాలి. అలాంటివారు దగ్గరలో లేకపోతే, ఇంటిల్లిపాదికీ ఒకే కారు కావాలంటే, నేను ఇన్నోవానే తీసుకోమంటాను.

నా ఎకోస్పోర్ట్‌ను మాత్రం అమ్మను. ఇంజన్ లోపలి భాగాలను ఒక లయలో తిప్పే టైమింగ్ బెల్టు, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనరు, వాటర్ పంపు ముందే కొని పెట్టాను. మూడూ బీరువా కింది అరలో, అట్టపెట్టెలో ఉన్నాయి. సంక్రాంతి ప్రయాణానికి ముందే ఆ పెద్దాయన చేత వేయిస్తాను.