మహేంద్రగిరి, లఖారి ఒకరోజు ట్రెక్ ప్యాకేజీలు: అడ్వాన్స్ పంపే ముందు ఇది చదవండి

బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి తెలుగువాళ్ళకి, ఇటు ఇచ్ఛాపురం, సోంపేట నుంచి వచ్చి చేరేవాళ్ళకి ఈ హెచ్చరిక. కార్తీక వనభోజనాలప్పుడు మొదలై శివరాత్రి దాకా వాట్సాప్ స్టేటస్‌ల నిండా ఒకరోజు ట్రెక్ ప్రకటనలే. ఒడిశాలోని మహేంద్రగిరి శిఖరం, లఖారి అడవి, గండాహతి జలపాతం, జిరంగ్ బౌద్ధ మఠం అన్నీ ఒకే పగటిలో చూపిస్తామంటారు. సగం డబ్బు ముందే యూపీఐలో పంపాలి.

ఈ సీజన్లో అలాంటి ఒక ప్యాకేజీ కొన్నవాళ్ళకి దక్కింది ఇది. పొద్దున్న ఆరింటికి బయల్దేరాల్సిన బండి ఏడున్నరకి కదిలింది. తెల్ల నంబరు ప్లేటు సొంత కార్లు పెట్టారు. గైడ్ అని చెప్పిన కుర్రాడికి గుడి దాకా ఉన్న దారి తప్ప ఇంకో దారి తెలియదు. అభయారణ్యం పర్మిషన్ చేతిలో లేక చెక్‌పోస్టు దగ్గర వెనక్కి పంపేశారు. కొండ దిగేసరికి చీకటి పడింది, ఇరవై మందికీ సెల్‌ఫోన్ లైట్లే దిక్కు. డబ్బు వెనక్కి అడిగినవాళ్ళ నంబర్లు బ్లాక్ అయ్యాయి. అమ్మినవాళ్ళ పేరు ఇక్కడ రాయడం లేదు. ఇలాంటివాళ్ళు రెండు నెలలకోసారి పేరు, లోగో మార్చుకుంటారు కాబట్టి వాళ్ళ పద్ధతిని గుర్తుపట్టడమే ముఖ్యం. అడ్వాన్స్ మీ చేతిలో ఉన్నంతసేపే మీ మాటకి విలువ. అందుకే అడగాల్సినవన్నీ పంపకముందే అడగాలి, జవాబులు రాతలో తీసుకోవాలి.

మొదటి ప్రశ్న: బండి ఎక్కడ ఆగుతుంది, అక్కడి నుంచి నడక ఎంత? గజపతి జిల్లాలోని మహేంద్రగిరి ఎత్తు 1,501 మీటర్లు. పైన కుంతి గుడి, భీముడి గుడి ఉన్న వైపుకి బండ్లు చాలా ఎత్తు దాకా వెళ్ళే రోడ్డు ఉంది. ఆ రోడ్డులో వెళ్తే మిగిలేది కాసేపటి నడక. అడుగునున్న సవర గిరిజనుల ఊళ్ళ నుంచి కాలిబాటన ఎక్కితే అది రోజంతా పట్టే ఎక్కుడు. రెండూ మంచి ప్రయాణాలే, ఒకటి ముసలివాళ్ళతో వెళ్ళొచ్చు, ఇంకోటి వెళ్ళకూడదు. ప్రకటనలో ఒకదాని ఫోటో పెట్టి రెండోది అమ్మడమే మోసం. కొరాపుట్ వైపు దేవమాలి (1,672 మీటర్లు, ఒడిశాలో అన్నిటికంటే ఎత్తైన శిఖరం) ప్యాకేజీల్లోనూ ఇదే జరుగుతుంది, అక్కడ కూడా రోడ్డు పైదాకా పోతుంది. "పన్నెండు కిలోమీటర్ల ట్రెక్" అంటే రానూపోనూ కలిపా, ఒకవైపా? ఎక్కుడు ఎన్ని మీటర్లు? నడక మొదలయ్యే చోటు లొకేషన్ పంపమనండి. తెలిసినవాడు రెండు నిమిషాల్లో పంపుతాడు. "అక్కడికొచ్చాక చూసుకుందాం సార్" అన్నవాడికి దారి తెలియదని అర్థం.

ఇప్పుడు గడియారం లెక్క. ఈ ఒక్కటీ నేర్చుకుంటే చాలా ప్యాకేజీలు కాగితం మీదే పడిపోతాయి. కొండ నడకకి పాత కొలత ఒకటుంది: సమంగా నడిచే ప్రతి 5 కిలోమీటర్లకి ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకి ఇంకో గంట. ఒకవైపు 7 కిలోమీటర్ల దూరం, 900 మీటర్ల ఎక్కుడు అనుకోండి. దూరానికి 1 గంట 24 నిమిషాలు, ఎత్తుకి గంటన్నర, మొత్తం 2 గంటల 54 నిమిషాలు. ఇది అలవాటున్నవాళ్ళు ఆగకుండా నడిస్తే పట్టే సమయం. పిల్లలు, మొదటిసారి వచ్చేవాళ్ళు, ఫోటోలు, దాహాలు కలిసిన ఇరవై మంది గుంపుకి దాన్ని ఒకటిన్నర రెట్లు చేయాలి. అంటే 4 గంటల 20 నిమిషాలు పైకే. పైన గంట. దిగడానికి మూడు గంటలకి తక్కువ వేసుకోవద్దు, దిగేటప్పుడే మోకాళ్ళు వణుకుతాయి, రాలిన ఆకుల మీద కాళ్ళు జారతాయి.

ప్యాకేజీవాళ్ళు రాసే టైంటేబుల్‌లో బరంపురం నుంచి ఆరింటికి బయలు, తప్తపాని దగ్గర టిఫిను, వేడినీటి గుండం దగ్గర ఫోటోలు, పదిన్నరకి నడక మొదలు అని ఉంటుంది. పైన వేసిన లెక్క దీనికి కలపండి. శిఖరం చేరేసరికి మధ్యాహ్నం మూడు కావస్తుంది, కిందికి వచ్చేసరికి ఏడు కావస్తుంది. డిసెంబరులో ఈ ప్రాంతంలో ఐదుంపావు ప్రాంతానికే పొద్దు గూకుతుంది. చెట్ల కింద, లోయ మలుపుల్లో అంతకంటే అరగంట ముందే దారి కనబడడం మానేస్తుంది. అంటే చీకట్లో దిగడం అనుకోకుండా జరిగింది కాదు, టైంటేబుల్ రాసిన రోజే ఖాయమైపోయింది. ఇదే నడక ఏడింటికి మొదలుపెడితే మూడున్నర లోపు కింద ఉంటారు. అందుకు తెల్లవారుజామునే బండెక్కాలి, లేదా ముందురోజు రాత్రి పర్లాకిమిడిలోనో దగ్గర్లోని ఊళ్ళోనో ఉండాలి. ఈ రెండూ చెప్పనివాడు అమ్మేది ట్రెక్ కాదు.

వెనుదిరిగే సమయం రాసిచ్చారా అని కూడా చూడండి. సూర్యాస్తమయం 5:15, దిగడానికి మూడు గంటలు, చేతిలో ఒక గంట మిగులు. అంటే మధ్యాహ్నం 1:15కి ఎక్కడున్నా వెనక్కి తిరగాలి, శిఖరం పది నిమిషాల దూరంలో కనబడుతున్నా సరే. ఈ సమయం ముందే అందరికీ చెప్పి ఉంచితేనే కొండ మీద గొడవ రాదు. గుంపుకి ముందు ఒక మనిషి, చిట్టచివర ఒక మనిషి ఉండాలి. చివరి మనిషి ఎవరినీ దాటి ముందుకి రాకూడదు. పదిమందికి ఒక గైడ్ కంటే తక్కువైతే ఒప్పుకోకండి, ఆ గైడ్ కొండ కింది ఊరి మనిషే అయ్యుండాలి. వాళ్ళు సవర, ఒడియా మాట్లాడతారు, పర్లాకిమిడి వైపు తెలుగు కూడా నడుస్తుంది. ఏ గెడ్డ (వాగు) దగ్గర వేసవిలోనూ నీళ్ళుంటాయో, ఏ తోటలోకి ఎలుగు దిగుతుందో వాళ్ళకే తెలుసు. గైడ్ కూలి ఎంతో అడిగి, ఆ డబ్బు అతని చేతికే ఇస్తామని చెప్పి చూడండి. నిజంగా గైడ్‌ని మాట్లాడినవాళ్ళకి ఇందులో అభ్యంతరం ఉండదు.

పర్మిషన్ సంగతి కొంచెం ఓపికగా చదవండి, ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. లఖారి లోయ వన్యప్రాణి అభయారణ్యం, ఏనుగులు తిరిగే చోటు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 27వ సెక్షన్ ప్రకారం అభయారణ్యంలోకి బయటివాళ్ళు అనుమతి లేకుండా అడుగుపెట్టకూడదు. ఆ అనుమతి 28వ సెక్షన్ కింద అటవీశాఖ ఇస్తుంది. మహేంద్రగిరి సంగతి వేరు. దాన్ని 2022లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు, అది అభయారణ్యం కాదు. అక్కడ తీసుకున్న ఏ రసీదూ లఖారిలో చెల్లదు. "మహేంద్రగిరి, లఖారి రెండింటికీ ఒకే పాస్" అన్నవాడు రెండింటి గురించీ తెలుసుకోలేదు.

ఆంధ్ర వైపు నుంచి వచ్చేవాళ్ళలో చాలామందికి ఒడియా చదవడం రాదు. పార్కింగ్ చీటీనో పంచాయతీ రుసుము రసీదునో చూపించి ఇదే ఫారెస్ట్ పర్మిషన్ అని నమ్మిస్తున్నారు. కాగితం ఫోటో ముందే తెప్పించుకుని ఒడియా వచ్చినవాళ్ళతో చదివించండి. దాని మీద అటవీశాఖ పేరు, ప్రదేశం పేరు, మీరు వెళ్ళే తేదీ, మనుషుల సంఖ్య ఉండాలి. ఇరవై మంది వెళ్తుంటే ఆరుగురికి రాసిన కాగితం చాలదు. చట్టం మీరితే అడవిలో దొరికేది మీరు, అమ్మినవాడు ఊళ్ళో ఉంటాడు. అదే వన్యప్రాణి చట్టం 51వ సెక్షన్ కింద మూడేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. ఒడిశా అటవీశాఖకి ఎకోటూర్ ఒడిశా పేరుతో సొంత బుకింగ్ వెబ్‌సైట్ ఉంది. అక్కడ ఉన్న చోట్లకి దళారి అక్కర్లేదు.

ప్యాకేజీలో "అడవిలో క్యాంప్‌ఫైర్, బార్బెక్యూ" అని కనబడితే అక్కడితో వదిలేయండి. అభయారణ్యంలో నిప్పు పెట్టడాన్ని 30వ సెక్షన్ నిషేధిస్తుంది. ఇంకో కారణం కూడా ఉంది. కొండ చరియల కింద, పెద్ద చెట్ల మీద కొండ తేనెటీగల పట్లు వేలాడుతుంటాయి. పొగ తగిలితే, ఘాటైన సెంటు వాసనకి కూడా, గుంపుగా లేస్తాయి. లేస్తే చేతులు ఊపకండి, నీళ్ళలో దూకకండి. మొహం, తల గుడ్డతో కప్పుకుని ఆగకుండా దూరంగా పరుగెత్తండి, మూసిన బండి దొరికితే అందులో దూరండి. ఎలుగుల విషయం ఉద్దానంవాళ్ళకి చెప్పక్కర్లేదు. తెల్లవారుజామున, మునిమాపున తిరుగుతాయి. ఇప్పపూలు రాలే రోజుల్లో, జీడి, పనస పండే రోజుల్లో తోటల్లోకి దిగుతాయి. చీకటి పడ్డాక దిగే ప్యాకేజీ అంటే సరిగ్గా అవి కదిలే వేళకి మిమ్మల్ని వాటి దారిలో నిలబెట్టడమే.

బండి నంబరు ప్లేటు ఫోటో ముందురోజే అడగండి. పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలుంటే కిరాయికి తిప్పే బండి. తెల్ల ప్లేటు సొంత బండి, దాన్ని కిరాయికి తిప్పకూడదు. ఘాట్ రోడ్డులో ప్రమాదం జరిగితే కిరాయికి తిప్పారన్న కారణంతో ఇన్సూరెన్స్ కంపెనీ క్లెయిమ్ దగ్గర పేచీ పెడుతుంది. "ఇన్సూరెన్స్ ఉంది" అనే మాటని కూడా అలాగే నమ్మకండి. పాలసీ నంబరు, అందులో మీ పేరు, తేదీ, కొండ నడక వర్తిస్తుందన్న వాక్యం, ఈ నాలుగూ కనబడాలి.

తిండి గురించి పెద్దగా చెప్పేది లేదు, పులిహోర ఇంటి నుంచే పట్టుకెళ్ళడం మేలు. నీళ్ళు మాత్రం మనిషికి మూడు లీటర్లు, మార్చి దాటితే నాలుగు. "దారిలో గెడ్డ నీళ్ళున్నాయి" అంటే ఒప్పుకోవద్దు. ఓఆర్‌ఎస్ 20.5 గ్రాముల ప్యాకెట్ సరిగ్గా లీటరు నీళ్ళలో కలపాలి, గ్లాసులో సగం సగం కలిపితే మేలు బదులు కీడు. ప్రతి ఒక్కరికీ టార్చి ఉండాలి, ఫోన్ లైట్ లెక్కలోకి రాదు. పాము కాటేస్తే కట్టు కట్టొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు. ఉంగరాలు, పట్టీలు తీసేసి, కాలో చెయ్యో కదపకుండా ఉంచి, ఆ మనిషిని నడిపించకుండా మోసుకుని దించాలి, 108కి ఫోన్ చేయాలి. అందుకే గుంపులో కనీసం నలుగురు మోయగలిగినవాళ్ళు ఉండాలి. తిరిగొచ్చాక రెండు మూడు వారాల్లోపు జ్వరం వస్తే కొండకి వెళ్ళొచ్చామని డాక్టరుకి తప్పకుండా చెప్పండి. ఇవి మలేరియా ఉన్న కొండలు. పొదల్లో కుట్టే సన్న పురుగు వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్ కూడా ఉంది, చంకలోనో నడుం దగ్గరో నల్లగా మాడిన పొక్కు కనబడొచ్చు. రెండింటికీ పరీక్షలున్నాయి, మందులున్నాయి. ఆలస్యమైతేనే ప్రమాదం.

జలపాతం ప్యాకేజీలు వానల్లో బాగా అమ్ముడవుతాయి, అప్పుడే వాటిని కొనకూడదు. పైన కొండ మీద పడిన వానకి కింద ఎండ కాస్తుండగానే గెడ్డ పొంగుతుంది. స్వచ్ఛంగా పారే నీళ్ళు ఒక్కసారిగా బురదరంగు తిరిగి ఆకులు, పుల్లలు కొట్టుకొస్తుంటే వెంటనే గట్టెక్కాలి. అక్టోబరు, నవంబరుల్లో తుఫాను హెచ్చరిక ఉన్న వారం కొండ జోలికి పోవద్దు. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుఫానుకి గజపతి కొండలు ఎలా విరిగిపడ్డాయో ఈ ప్రాంతంవాళ్ళెవరూ మరిచిపోలేదు. ఆరెంజ్ లేదా రెడ్ అలర్ట్ వస్తే పూర్తి డబ్బు వాపసు అన్న మాట ముందే రాతలో ఉండాలి.

ఈ ఆదివారానికి ఇప్పటికే అడ్వాన్స్ కట్టినవాళ్ళు ఇవాళే చేయాల్సింది: చాట్ మొత్తం స్క్రీన్‌షాట్ తీయండి, ప్రకటన స్టేటస్‌తో సహా, ఎందుకంటే స్టేటస్ 24 గంటల్లో పోతుంది. యూపీఐ లావాదేవీ 12 అంకెల నంబరు రాసిపెట్టుకోండి. పర్మిషన్ కాగితం, బండి నంబరు, గైడ్ ఊరు, నడక మొదలయ్యే లొకేషన్, వెనుదిరిగే సమయం అడుగుతూ ఒకే మెసేజ్ పంపండి, శుక్రవారం సాయంత్రం దాకా గడువివ్వండి. జవాబు రాకపోతే రద్దు చేస్తున్నామని, డబ్బు వాపసు కావాలని అదే చాట్‌లో రాయండి. "రిఫండ్ కోసం రిక్వెస్ట్ పంపాం, పిన్ కొట్టండి" అంటే కొట్టకండి, డబ్బు మన ఖాతాలోకి రావడానికి పిన్ అక్కర్లేదు. నంబరు మాయమైతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. మనిషి ఉండి డబ్బివ్వకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్ళ లోపు ఫిర్యాదు వేయొచ్చు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మీరుండే జిల్లాలోనే వేయొచ్చు, అమ్మినవాడు బరంపురంలో ఉన్నా ఇచ్ఛాపురంవాళ్ళు శ్రీకాకుళంలోనే వేసుకోవచ్చు. కట్టిన మొత్తం ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు.