యాక్సెసిబిలిటీ విలువ: తప్పిన నష్టమా, పూర్తయిన పనా?

దివ్యాంగులు సొంతంగా వాడుకునేలా యాప్‌ను మార్చాలని (యాక్సెసిబిలిటీ అంటే ఇదే) పెద్ద బ్యాంకులో బడ్జెట్ అడిగితే, లాభమెంతో చూపమంటారు. చూపే దారులు రెండు.

ఆధారం
తప్పిన నష్టం: కేసులు, జరిమానాలు. అమెరికాలో టార్గెట్ అనే దుకాణాల సంస్థ, తన వెబ్‌సైటును వాడుకోలేకపోతున్నామని అంధులు వేసిన దావాను 2008లో 60 లక్షల డాలర్లకు పరిష్కరించుకుంది.
పూర్తయిన పని: ఖాతా తెరవడం మొదలుపెట్టినవారిలో ఎందరు ఎవరి సాయమూ లేకుండా ముగించారు, ఎక్కడ ఆగిపోయారు.

ఖర్చు, శ్రమ
మొదటిదానికి ఒక ఆడిట్, న్యాయవిభాగం అంచనా చాలు.
రెండోదానికి ఓపిక కావాలి. ఎవరు స్క్రీన్ రీడర్ (తెరమీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) వాడుతున్నారో బ్రౌజర్ వెబ్‌సైటుకు చెప్పదు. అందుకే మామూలు గణాంకాల్లో ఈ ఖాతాదారులు కనిపించరు. అంధులను, చేతులు కదపలేనివారిని పారితోషికమిచ్చి పిలిచి, పరీక్షలు చేయించాలి. ఈ ఖర్చును తగ్గించుకోకూడదని నా గట్టి అభిప్రాయం.

ప్రమాదం
తప్పిన నష్టం చూపేది భయం లెక్క; అది మన దేశంలో బలహీనం. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో మొదటి ఉల్లంఘనకు జరిమానా గరిష్ఠంగా 10,000 రూపాయలే. అయితే డిజిటల్ సేవల అందుబాటు రాజ్యాంగం 21వ అధికరణలోని జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పాక ఆ లెక్కకు బరువు పెరిగింది.
పని లెక్కలో చిక్కు వేరు: మెరుగుదల యాక్సెసిబిలిటీ వల్లే వచ్చిందని రుజువు చేయడం కష్టం.

ఎవరికి ఏది
అమెరికా, ఐరోపాల్లో అమ్మకాలున్న సంస్థకు, తొలి బడ్జెట్ ఇంకా రాని బృందానికి మొదటిది. ఏటా నిధులు నిలబెట్టుకోవాల్సిన బృందానికి రెండోదే.