క్లాసిక్ 350: చలి ఉదయాల్లో సెల్ఫ్ కొట్టాక ఎంతసేపు ఆగాలి?

2021 సెప్టెంబరులో వచ్చిన కొత్త రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 రూపం గురించీ, శబ్దం గురించీ, సీటు గురించీ ఇప్పటికే కావలసినంత చర్చ జరిగింది కనుక ఈ సమీక్షను ఒకే ప్రశ్నకు పరిమితం చేస్తున్నాను. రాత్రంతా నిలిపి ఉంచిన ఈ బండిని పొద్దున్నే తీసేటప్పుడు ఇంజన్‌ను ఎంతసేపు వేడెక్కనివ్వాలి, ఆ విషయంలో బండి మనకు ఎంతవరకు సహకరిస్తుంది? హైదరాబాదులో అపార్టుమెంటు సెల్లారులోనూ, డిసెంబరులో ఉష్ణోగ్రత ఒక అంకెలోకి దిగిపోయే చింతపల్లి, లంబసింగి ప్రాంతంలోనూ దీని తీరును గమనించాను. నిలబెట్టి అర నిమిషం, ఆ తరువాత రెండు మూడు కిలోమీటర్లు నిదానంగా నడపడం. ఈ ఇంజన్‌కు అంతకు మించి అవసరం లేదన్నది నా అభిప్రాయం.

అయిదారు నిమిషాల పాటు బండిని అలాగే వదిలేసి, మధ్యమధ్యలో ఎక్సిలరేటర్ రేజ్ చేస్తూ ఉండే అలవాటు పాత బుల్లెట్ల కాలం నుంచి వచ్చింది, అప్పట్లో దానికి కారణం కూడా ఉండేది. గాలిలో పెట్రోలు కలిపి ఇంజన్‌కు అందించే కార్బొరేటర్‌కు ఇంజన్ చల్లగా ఉందో వేడిగా ఉందో తెలియదు. చల్లని ఇంజన్‌లో పెట్రోలు సరిగా ఆవిరి కాదు కాబట్టి చోక్ వేసి మిశ్రమంలో పెట్రోలు పాలు పెంచవలసి వచ్చేది, చోక్‌ను తొందరపడి తీసేస్తే బండి వీధి మలుపు దాటకుండానే ఆగిపోయేది. పాత క్లాసిక్‌లోని 346 సీసీ ఇంజన్‌లో హైడ్రాలిక్ టాపెట్లు, అంటే వాల్వుల దగ్గర సందును ఆయిల్ ఒత్తిడితో పూడ్చే భాగాలు, ఉండేవి. రాత్రి వాటిలోంచి ఆయిల్ దిగిపోతే, మళ్లీ నిండేదాకా పొద్దున కాసేపు టికటికమని కొట్టుకునేవి. ఆ శబ్దం తగ్గేదాకా కదలకూడదని పెద్దలు చెప్పిన మాటలో అర్థం ఉంది. (కరెంటు పారే తీరును చూపే ఆమ్మీటర్ ముల్లు చూసుకుంటూ, సిలిండర్‌లో ఒత్తిడిని వదిలించే డీకంప్రెసర్ నొక్కి కిక్ కొట్టిన తరం వారికి ఆ అయిదు నిమిషాలు విశ్రాంతి కూడా అయ్యేవేమో.)

కొత్త ఇంజన్ కథ వేరు. ఇది 349 సీసీ, వాల్వులను కదిలించడానికి పాత పుష్‌రాడ్ల (పొడవాటి కడ్డీల) స్థానంలో హెడ్‌లోనే, అంటే ఇంజన్ పైభాగంలోనే, క్యామ్ ఉంది, కార్బొరేటర్ స్థానంలో పెట్రోలును కొలిచి చిమ్మే ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంది. తాళం తిప్పి, కుడివైపు గుండ్రటి స్విచ్‌ను ఆన్ చేయగానే పెట్రోలు పంపు జుయ్‌మని ఒకటి రెండు సెకన్లు మోగి ఆగుతుంది. అది ఆగాకనే సెల్ఫ్ కొట్టడం మంచిది. లంబసింగి మంచులో, ట్యాంకు మీద నీటి చుక్కలు పేరుకున్న స్థితిలో కూడా ఎక్సిలరేటర్ ముట్టుకోకుండానే ఇంజన్ అందుకుంది. మొదట ఐడ్లింగ్ (బండి నిలబడి ఉండగా ఇంజన్ తనంతట తాను తిరగడం) కొంచెం వేగంగా ఉంటుంది. ఉష్ణోగ్రత సెన్సర్ చెప్పినదాన్ని బట్టి కంప్యూటరే పెట్రోలు పాలు పెంచి, వేడెక్కే కొద్దీ తగ్గిస్తుంది. ఒకప్పుడు మనం చోక్ మీటతో చేసిన పనిని ఇది మనకంటే మెరుగ్గా చేస్తున్నదని చెప్పక తప్పదు.

అలాగని చల్లని ఇంజన్‌తో ఏ జాగ్రత్తా అక్కర లేదని కాదు. అల్యూమినియం పిస్టన్ తన పూర్తి పరిమాణానికి వ్యాకోచించాలి, ఆయిల్ పంపు హెడ్ దాకా ఆయిల్‌ను అందించాలి. రెండవది కొన్ని సెకన్లలోనే జరిగిపోతుంది. ఇంజన్ ఆయిల్ చలికి నెయ్యిలా పేరుకుంటుందన్న భయం మన వాతావరణానికి వర్తించదు. కంపెనీ సూచించే 15డబ్ల్యూ-50 ఆయిల్ పేరులోని 15డబ్ల్యూ అన్న భాగం, మైనస్ 20 డిగ్రీల చలిలో కూడా ఇంజన్ తిరగడానికి అడ్డు కానంత పలుచగా ఆ ఆయిల్ ఉండాలన్న ప్రమాణానికి గుర్తు. పిస్టన్ వ్యాకోచానికి మాత్రం సమయం పడుతుంది, అయితే ఆ వేడి ఐడ్లింగ్‌లో కంటే రోడ్డు మీద తొందరగా, సమానంగా వస్తుంది.

నేను వెళ్లిన ఒక షెడ్డులో మెకానిక్ రోజూ పది నిమిషాలు ఆన్‌లో ఉంచమని గట్టిగా సలహా ఇచ్చారు. గౌరవంతోనే విభేదిస్తున్నాను. గాలి తగలకుండా నిలబడిన ఇంజన్‌లో హెడ్ వేడెక్కుతుంది గాని గేర్లూ చైనూ టైర్లూ చల్లగానే ఉంటాయి. చల్లగా ఉన్నప్పుడు అదనంగా పడే పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిల్ పొరను కడిగేస్తుంది, కాస్త కిందికి జారి ఆయిల్‌లో కలుస్తుంది. కాబట్టి ఆ దశను పొడిగించడం ఇంజన్‌కు మేలు చేయడం కాదు. సైలెన్సర్‌లో పొగను శుభ్రపరిచే క్యాటలిస్ట్ కూడా రెండు మూడు వందల డిగ్రీలకు చేరితే గాని సరిగా పని చేయదు కనుక అప్పటిదాకా వచ్చే పొగే ఎక్కువ హానికరం. సెల్లారులో ఇది మరీ అన్యాయం. ఘాటు వాసన లిఫ్టు దాకా పాకుతుంది, వాసనే లేని కార్బన్ మోనాక్సైడ్ మూసిన చోట ప్రాణానికే ప్రమాదం.

అందుకే హెల్మెట్, గ్లవ్స్ వేసుకునేంత సేపు ఆగి బయలుదేరడమే సరైన పద్ధతి. గేరు వేసే ముందు క్లచ్‌ను రెండు మూడు సార్లు నొక్కి వదిలితే, రాత్రి ఆయిల్‌తో అంటుకున్న ప్లేట్లు విడిపోయి మొదటి గేరు ఠక్కుమనడం తగ్గుతుంది. ఆ తరువాత మూడు, నాలుగు గేర్లలో, ఎక్సిలరేటర్ సగానికి మించకుండా నడిపితే చాలు. అడుగు నుంచే బలంగా, 27 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) వరకు లాగగల ఈ ఇంజన్ తక్కువ వేగంలో సాఫీగా నడుస్తుంది కాబట్టి ఇది శిక్షలా అనిపించదు. గేర్లు మెత్తగా పడడం మొదలైందంటే ఆయిల్ వేడెక్కిందని లెక్క.

ఆ లెక్క మన కాలికి, చెవికి తెలియవలసిందే తప్ప మీటరు చెప్పదు, లోపమంటే అదే. ఇంజన్ తిరిగే వేగం చూపే టాకోమీటర్ లేదు, ఉష్ణోగ్రత సూచిక లేదు. కిక్ కూడా లేదు, కనుక వారాల తరబడి బండిని కదపని వారు బ్యాటరీ మీద కన్నేసి ఉంచాలి. అప్పుడప్పుడు రెండు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేయడం ఇందుకు మందు కాదు. సెల్ఫ్ లాగేసిన కరెంటు అంత తక్కువ సమయంలో తిరిగి నిండదు, పైగా మండిన పెట్రోలు నుంచి పుట్టిన నీటి ఆవిరి సైలెన్సర్‌లోనూ ఆయిల్‌లోనూ మిగిలిపోతుంది. వారానికి ఒకసారి అరగంట నడపండి, వీలు కాకపోతే చార్జర్ పెట్టండి.

ఈ బండిని సెకండ్ హ్యాండ్‌లో కొనేవారికి ఒక మాట: పొద్దున్నే వెళ్లండి, అమ్మేవారు స్టార్ట్ చేయకముందే సిలిండర్ రెక్కల మీద చెయ్యి పెట్టి చూడండి. అవి వెచ్చగా ఉంటే ముందే ఒకసారి స్టార్ట్ చేశారన్నమాట, చల్లని ఇంజన్ ఎలా అందుకుంటుందో ఆ రోజు తెలియదు; కనుక ధర మాట ఎత్తకుండా మరుసటి ఉదయం వస్తానని చెప్పి వచ్చేయండి.