"హెర్బల్ లాష్ సీరం" స్టిక్కర్ పీకితే కింద గ్లకోమా చుక్కల మందు. కొనేవాళ్ళు ఆగండి

కోపం మీద రాస్తున్నా. వాక్యాలు అటూ ఇటూ అయితే సర్దుకోండి.

ఏ పేజీ అని అడక్కండి, రీల్స్ చూసేవాళ్ళకి చెప్పక్కర్లేదు. గులాబీ స్టిక్కర్, 3 మి.లీ. సీసా, ఒకే ఒక్క బ్రష్, 2,199 రూపాయలు. భృంగరాజ్, ఆముదం, అలోవెరా. 60 రోజుల్లో రెప్పలు ఒత్తుగా. అదే.

ఆ స్టిక్కర్ ఫ్రిజ్ డోర్‌లో చెమ్మకి మూల లేచింది. గోటితో లాగితే మొత్తం ఊడొచ్చింది. కింద ఇంకో లేబుల్. ఎడమ పక్కన నిలువుగా ఎర్ర గీత. బైమాటోప్రోస్ట్ ఆఫ్తాల్మిక్ సొల్యూషన్, 0.03 శాతం. బ్యాచ్ నంబర్ మీదా ఎక్స్‌పైరీ మీదా మార్కర్‌తో నల్లగా కొట్టేశారు. మిగతాదంతా శుభ్రంగా చదవొచ్చు. కంట్లో ప్రెషర్ పెరిగిన గ్లకోమా పేషెంట్లకి రాసే చుక్కల మందు, మెడికల్ షాపులో చీటీ మీద కొన్ని వందలకి వచ్చే సీసా.

రోజంతా కౌంటర్‌లో నిలబడి, ఎర్ర గీత ఉన్న మందు అడిగినవాళ్ళని "చీటీ ఏదమ్మా" అని నిలదీసే మనిషిని నేను. ఏడు వారాలు రాసుకున్నా. నా తెలివికి నేనే దండ వేసుకోవాలి. కనీసం సీసా ఆకారం చూసైనా పట్టుకోవద్దా? ఆముదం ఎవరైనా కంటి చుక్కల సీసాలో పోసి అమ్ముతారా?

సరే, ఫొటో తీసి ఆ పేజీకి పంపించా. రెప్ప అంచు వెంబడి చర్మం నల్లబడింది, పైరెప్ప మీద గుంట పడుతోంది, లేబుల్ మీద ఇలా రాసి ఉంది, ఏంటిది అని. వచ్చిన జవాబు, అక్షరం మార్చకుండా: "డియర్, డార్క్ అయిందంటే సీరం వర్క్ అవుతున్నట్టు. లోపలి టాక్సిన్స్ బయటికి వస్తున్నాయి. ఇక కాజల్ కూడా పెట్టుకోనక్కర్లేదు." పక్కన ఒక నవ్వు బొమ్మ. కాజల్ ఖర్చు మిగిల్చారట, కృతజ్ఞతలు చెప్పుకోవాలి కాబోలు. లేబుల్ సంగతి మళ్ళీ అడిగితే, "2,000 మందికి సెట్ అయింది, మీ ఒక్కరి స్కిన్‌లోనే ప్రాబ్లం." ఆ వెంటనే బ్లాక్. డబ్బు పోయిందని కాదు నా మంట. మందు అని తెలిసి, తెలియకుండా ఉండాలని మార్కర్ పట్టుకుని కూర్చుని ఒక్కో సీసా మీదా కొట్టేశారు చూడండి, అదీ మంట.

ఇక ఆ "టాక్సిన్స్" కథ. టాక్సినూ లేదు, మట్టీ లేదు. బైమాటోప్రోస్ట్ ప్రోస్టాగ్లాండిన్ (ఒంట్లో సహజంగా తయారయ్యే ఒక రసాయనం) జాతి మందు. 2001లో అమెరికాలో గ్లకోమాకి అనుమతి వచ్చింది. వాడినవాళ్ళకి రెప్ప వెంట్రుకలు పొడుగ్గా, నల్లగా రావడం డాక్టర్లు గమనించారు. 2008 డిసెంబర్‌లో అదే 0.03 శాతం మందుకి రెప్పల కోసమని వేరే పేరుతో అనుమతి ఇచ్చారు. అంటే పని చేస్తుంది, అందులో అబద్ధం లేదు. రెప్ప వెంట్రుకకి పెరిగే దశ ఉంటుంది, ఆగే దశ ఉంటుంది, రాలే దశ ఉంటుంది. ఈ మందు పెరిగే దశని సాగదీస్తుంది, ఎక్కువ వెంట్రుకల్ని ఆ దశలోకి తోస్తుంది. రంగు కణాల్ని కూడా తట్టి లేపి మెలనిన్ ఎక్కువ చేయిస్తుంది. వెంట్రుక నల్లగా రావడానికీ, దాని కింద చర్మం నల్లబడడానికీ కారణం ఒకటే. చర్మం నలుపు మందు ఆపాక చాలామందికి నెలల మీద తగ్గుతుంది. కంటిపాప చుట్టూ ఉండే రంగు భాగం గోధుమ రంగుకి తిరిగితే మాత్రం అది వెనక్కి రాదనే అనుకోవాలి. మనవి మామూలుగానే ముదురు గోధుమ రంగు కళ్ళు కాబట్టి ఆ మార్పు అద్దంలో తెలియదు, తేనె రంగు కళ్ళ వాళ్ళకి తెలుస్తుంది.

గుంట సంగతి ఇంకా ఘోరం. కంటి చుట్టూ మెత్తలా ఉండే కొవ్వుని ఈ జాతి మందులు తగ్గించేస్తాయి. పైరెప్ప మడత లోతుగా పోతుంది, కన్ను లోపలికి వెళ్ళినట్టు కనబడుతుంది, కొందరికి రెప్ప కొంచెం వాలుతుంది. గ్లకోమా వాళ్ళలో ఒక కంటికే మందు వేసేవాళ్ళని చూడండి, రెండు కళ్ళకీ తేడా కనిపిస్తుంది. ఆపితే చాలావరకు తిరిగొస్తుంది, పూర్తిగా వస్తుందని ఎవరూ హామీ ఇవ్వరు. చూపు కాపాడుకోవడానికి ఆ నష్టం భరిస్తారు. మనం దేనికి భరిస్తున్నట్టు? రీల్‌లో రెప్పలాడించడానికి!

వాళ్ళు పెట్టిన కార్డు చదివితే ఒళ్ళు మండుతుంది. "పైరెప్ప, కిందరెప్ప, కనుబొమ్మ, మూడింటికీ పొద్దున, రాత్రి. ఒక సీసా 4 నెలలు." ఒక్కొక్కటే చూద్దాం. డాక్టర్ రాస్తే వాడే పద్ధతి ఇది: రాత్రి ఒక్కసారే. మొహం కడిగి, మేకప్ తీసేసి, లెన్సులుంటే తీసి పెట్టాలి, మళ్ళీ పెట్టుకోవడానికి 15 నిమిషాలు ఆగాలి. ఆ చుక్కలు చెడిపోకుండా కలిపే బెంజాల్కోనియం క్లోరైడ్ మెత్తటి లెన్సుల్లోకి ఇంకిపోతుంది. స్టెరైల్ బ్రష్ మీద ఒక్క చుక్క వేసుకుని, పైరెప్ప వెంట్రుకల మొదట్లో ముక్కు వైపు నుంచి బయటికి ఒక్క గీత గీయాలి. కారినదాన్ని టిష్యూతో అద్దేయాలి, ఎందుకంటే మందు పదేపదే కారిన చోట, చెంప మీదైనా సరే, వెంట్రుకలు మొలుస్తాయి. ఆ బ్రష్ పారేసి రెండో కంటికి కొత్తది తియ్యాలి. కిందరెప్పకి విడిగా రాయకూడదు. రెండు పూటలా రాస్తే రెండింతలు పెరగవు, దురదా ఎరుపూ మాత్రం పెరుగుతాయి.

ఇక 4 నెలల లెక్క. 3 మి.లీ.లో వచ్చేవి సుమారు 90 నుంచి 100 చుక్కలు. రెండు కళ్ళకి రాత్రికి రెండు చుక్కలంటే నెలకి 60. నాలుగు నెలలకి 240 కావాలి. వాళ్ళ లెక్క కుదరాలంటే ఆ ఒక్క బ్రష్షునే రెండు కళ్ళకీ పూసి, మళ్ళీ సీసాలో ముంచాలి. చాలా కంటి చుక్కల్ని మూత తీశాక నెలలోపు పారేయమనేది ఇందుకే. సీసాలోకి క్రిమి వెళ్ళిందంటే రోజూ మనమే దాన్ని కంట్లో వేసుకుంటున్నట్టు. కార్నియా (నల్లగుడ్డు మీది పారదర్శక పొర) మీద పుండు పడితే రెప్పల సంగతి అటుంచండి, చూపు దక్కితే చాలనిపిస్తుంది.

ఇవి అసలు వాడకూడని వాళ్ళూ ఉన్నారు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు డాక్టర్ మాట లేకుండా ముట్టుకోకూడదు. కంటి లోపల వాపు వచ్చి తగ్గినవాళ్ళు, శుక్లం ఆపరేషన్ అయినవాళ్ళు జాగ్రత్త, రెటీనా (కంటి వెనక పొర) మధ్యలో నీరు చేరే ప్రమాదం ఉంది. ఇప్పటికే గ్లకోమాకి లాటనోప్రోస్ట్ లాంటివి వేసుకుంటున్న పెద్దవాళ్ళు దీన్ని రెప్పలకి రాసుకుంటే ప్రెషర్ తగ్గించే పని దెబ్బతినొచ్చు. "హెర్బలే కదా" అని అమ్మకో అత్తయ్యకో ఇచ్చినవాళ్ళుంటే ఇవాళే ఫోన్ చెయ్యండి.

అమ్మేవాళ్ళందరూ ఇలా మందు సీసాకే స్టిక్కర్ వెయ్యరు. విదేశీ బ్రాండ్ అని అమ్మే ఖరీదైన సీరంల్లో ఇదే జాతి రసాయనాలు వేరే పేర్లతో ఉంటాయి: ఐసోప్రొపైల్ క్లోప్రోస్టెనేట్, ఈథైల్ టాఫ్లుప్రోస్టామైడ్, డీక్లోరో డైహైడ్రాక్సీ డైఫ్లోరో ఈథైల్ క్లోప్రోస్టెనోలమైడ్, మిథైలమిడో డైహైడ్రో నోరాల్ఫాప్రోస్టాల్. ఇవన్నీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. పదం మధ్యలో "ప్రోస్ట్" అని కనబడితే చాలు, డబ్బా కింద పెట్టేయండి. పదార్థాల జాబితా అసలే లేకపోతే ఇంకా త్వరగా పెట్టేయండి.

"మరి వాళ్ళ పేజీలో అన్ని రివ్యూలు?" అంటారా. 2008 అనుమతికి ఆధారమైన పరీక్షలో 16 వారాలకి అసలు మందు వాడినవాళ్ళలో నూటికి 78 మందికి రెప్పల్లో మెరుగు కనిపించింది. మందు లేని ఉత్త ద్రవం రాసుకున్నవాళ్ళలో కూడా నూటికి 18 మందికి కనిపించింది. ఉత్త ద్రవానికే నూటికి 18! ఆముదానికీ కొబ్బరినూనెకీ వచ్చే మెచ్చుకోళ్ళు చాలావరకు ఇక్కడి నుంచే. పైగా మందు ఆపేస్తే కొన్ని వారాల్లో రెప్పలు పాత స్థితికే వస్తాయి. ఆ ముక్క ఏ రీల్‌లోనూ చెప్పరు.

ఆముదం మీద నాకు కోపం లేదు. వెంట్రుకని మెరిపిస్తుంది, మందంగా ఉన్నట్టు చూపిస్తుంది, తెగకుండా కాస్త ఆపుతుంది. కొత్తగా మొలిపిస్తుందనడానికి గట్టి ఆధారం లేదు. రాసుకుంటే కనుబొమ్మకి దూదిపుల్లతో పూత లాగా రాసుకోండి, రెప్ప అంచున పోసుకోకండి. కంట్లోకి జారితే చూపు మసక, రెప్పల అంచున ఉండే నూనె గ్రంథులు అసలే మూసుకుపోతున్నవాళ్ళకి ఇంకా చిరాకు. ఉల్లిరసం కనుబొమ్మకి రాయమనేవాళ్ళని మాత్రం అన్‌ఫాలో చెయ్యండి, అది కంట్లో పడితే ఏమవుతుందో కూర తరిగినవాళ్ళకి తెలుసు.

కనుబొమ్మలకి మినాక్సిడిల్ (తల వెంట్రుకలు పెరగడానికి పూసే మందు) రాసే డాక్టర్లున్నారు, అది వేరే సంగతి, చర్మం డాక్టర్ చూసి రాస్తారు. తలకి కొన్న 5 శాతం సీసా తెచ్చి కనుబొమ్మలకి పూసుకోవడం వేరు. అందులో ఉండే ప్రొపిలీన్ గ్లైకాల్ అనే ద్రావకం కొందరికి దద్దురూ పొట్టూ తెస్తుంది, ఆ మందు చెమటతో కంట్లోకి కారుతుంది, దిండుకి అంటుకుని నుదుటి మీద, చెంపల మీద వెంట్రుకలు తెస్తుంది. కొందరికి గుండె దడ. మొదటి కొన్ని వారాలు ఉన్నవి రాలతాయి, భయపడి మరింత రాస్తారు. ఇంట్లో పిల్లి ఉంటే అసలు తేవద్దు, పూసుకున్న చెయ్యి నాకినా పిల్లి ప్రాణానికి ముప్పే.

అన్నిటికన్నా ముందు అడగాల్సింది, ఉన్న వెంట్రుకలు ఎందుకు పోయాయి అని. కనుబొమ్మ బయటి చివర మూడో వంతు పలచబడి, ఒళ్ళు బరువు, బద్ధకం, మలబద్ధకం ఉంటే టీఎస్‌హెచ్ పరీక్ష చేయించండి, థైరాయిడ్ కావచ్చు. నాణెం ఆకారంలో నున్నగా పోతే అలోపేషియా ఏరియేటా, చర్మం డాక్టర్ దగ్గరికి. కనుబొమ్మలు పోతూ ఒంటి మీద స్పర్శ తెలియని పాలిపోయిన మచ్చ ఉంటే కుష్టు పరీక్ష తప్పనిసరి. దాచుకోవాల్సింది ఏమీ లేదు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మందులు ఉచితం, పూర్తిగా నయమవుతుంది. రెప్ప మొదళ్ళలో పొట్టు పేరుకుని, పొద్దున్నే కళ్ళు అంటుకుంటే అది బ్లెఫరైటిస్. గోరువెచ్చటి గుడ్డ కాపడం, రెప్ప అంచులు తుడవడం, కంటి డాక్టర్. వీటిలో దేనికీ సీరం జవాబు కాదు. ఇక పదిహేను రోజులకోసారి థ్రెడింగ్‌కి వెళ్తూ "నా ఐబ్రోస్ పెరగట్లేదు" అనేవాళ్ళకి: మూడు నాలుగు నెలలు దారం ముట్టుకోకండి, ఐబ్రో పెన్సిల్‌తో నెట్టుకురండి.

గట్టి అవసరమైతే మస్కారా, కర్లర్ చాలు. రాత్రి తీసేసి పడుకోవాలి, మస్కారా మూడు నెలలకి మించి ఉంచుకోకూడదు. ఎక్స్‌టెన్షన్స్ జిగురు సయనోఅక్రిలేట్, కొన్నిటి నుంచి ఫార్మాల్డిహైడ్ వస్తుంది. అతికించుకున్నవి లాగితే సొంతవి కూడా వస్తాయి.

ఇప్పటికే ఆ సీసా ఉన్నవాళ్ళు: ఆపండి. నొప్పి, మసక, వెలుతురు పడకపోవడం ఉంటే ఆలస్యం చెయ్యకుండా కంటి డాక్టర్, సీసా చేత్తో తీసుకెళ్ళి చూపించండి. సీసా పారేయకండి, స్టిక్కర్ పీకేటప్పుడు వీడియో తీయండి, యూపీఐ రసీదు, చాట్ స్క్రీన్‌షాట్లు బ్లాక్ చెయ్యకముందే తీసి పెట్టుకోండి. నా దగ్గర చాట్ సగమే ఉంది, అదీ నా తెలివే. డబ్బు సంగతికి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. మందు వల్ల వచ్చిన ఇబ్బందికి ఫార్మకోవిజిలెన్స్ నంబర్ 1800-180-3024. స్టిక్కర్ మార్చి అమ్మినందుకు మీ జిల్లా డ్రగ్ ఇన్‌స్పెక్టర్.

పొద్దున వేరే అకౌంట్ నుంచి చూశా. "న్యూ స్టాక్" అని స్టోరీ పెట్టారు. ఈసారి స్టిక్కర్ ఆకుపచ్చ.