పిన్నీసా, గుండుసూదా, సూదీదారమా: ఏది మేలు?

బయల్దేరే వేళకు గుండీ ఊడితే ముందుగా వెతికేది పిన్నీసునే. అప్పటికి అదే మేలు. చిక్కల్లా ఆ పిన్నీసును నెలల తరబడి అలాగే వదిలేయడంతోనే వస్తుంది.

గుండుసూది బట్టలో నిలిచేది రాపిడి వల్లే. బట్ట కాస్త కదిలితే చాలు, జారిపోతుంది. మొన బయటే ఉంటుంది కాబట్టి గుచ్చుకుంటుంది కూడా. అందుకే ఒంటి మీది బట్టకు దాన్ని వాడకూడదు. పిన్నీసు సంగతి వేరు. 1849లో అమెరికాలో వాల్టర్ హంట్ దీనికి పేటెంట్ తీసుకున్నాడు. ఒకే తీగను వంచి, ఒక చివర చుట్ట తిప్పి స్ప్రింగు చేశాడు, రెండో చివర మొన దాగే కొక్కెం పెట్టాడు. స్ప్రింగు మొనను పైకి తన్నుతూ ఉంటుంది, ఆ ఒత్తిడికే మొన కొక్కెంలో బిగుసుకుంటుంది. నడిచినా వంగినా ఊడదు. ఇంత చిన్న వస్తువులో ఇంత ఆలోచన ఉండటం నాకెప్పుడూ అపురూపమే.

అదే బట్ట కుట్టుమిషను దగ్గరికి చేరితే గుండుసూదికే నా ఓటు. సన్నగా ఉంటుంది, చిన్న రంధ్రమే చేస్తుంది, సూది దగ్గరికి వచ్చేలోపు చటుక్కున లాగేయొచ్చు. పిన్నీసు పెడుతుంటే బట్ట పైకి లేచి ముడతలు పడుతుంది. పొరలు పొరలుగా కుట్టే బొంతకు మాత్రం పిన్నీసులే నయం, ఎందుకంటే దాన్ని రోజుల తరబడి తిప్పుతూ, మడుస్తూ ఉండాలి.

ఒక పూట దాటి నిలవాలంటే సూదీదారమే. పిన్నీసు పెడితే లాగుడంతా రెండు రంధ్రాల మీదే పడి బట్ట చిరుగుతుంది, కుట్టులో అయితే అది నాలుగు చోట్లకు పంచుకుంటుంది. పైగా తడి తగిలితే ఇనుప పిన్నీసు తుప్పు మరక వదలొచ్చు, అది ఓ పట్టాన పోదు. పసిపిల్లల బట్టలకైతే తప్పకుండా కుట్టే వేయండి. ఊడిన పిన్నీసు నోట్లోకి వెళితే ప్రాణానికే ప్రమాదం.

పలుచని బట్టకు పిన్నీసు తప్పనిసరైతే, ముందు తీగకు ఒక చిన్న పూస ఎక్కించి చుట్ట దాకా జరపండి. పోగులు చుట్టలో ఇరుక్కోవు. కుట్టు అంచున, బట్ట మందంగా ఉన్నచోట, లోపలి వైపు నుంచి గుచ్చండి.

ఎలాస్టిక్‌గానీ నాడాగానీ ఎక్కించడంలో మాత్రం పిన్నీసుకు గుండుసూదీ, సూదీదారమూ సాటిరావు. కొసకు పిన్నీసు పెట్టి మడతలోకి దూర్చితే, బట్ట మీంచే వేళ్లకు తగులుతూ ముందుకు సాగుతుంది. రెండో కొసను ఇంకో పిన్నీసుతో అంచుకు బిగించండి, లేకపోతే అదీ లోపలికి పోతుంది.