నేల మీద తొమ్మిది మార్కులు, గాల్లో ఆరు: కొత్త పైలట్ చేతిలో ఫోర్‌ఫ్లైట్

ఈ ఏడాదిలో ముగ్గురు అడిగారు నన్ను, "అక్కా, ఫ్లయింగ్ క్లాసులు మొదలుపెడుతున్నా, ఫోర్‌ఫ్లైట్ కొనేయనా?" అని. ఫోర్‌ఫ్లైట్ అంటే పైలట్లు దారి ప్లాన్ చేసుకునే మ్యాపుల యాప్. ముగ్గురికీ విడివిడిగా వాయిస్ మెసేజీలు పెట్టి పెట్టి గొంతు పోయింది. అందుకే ఒకేసారి రాసేస్తున్నా, ఇకమీదట లింకు పంపిస్తా.

నా సంగతి రెండు ముక్కల్లో. ఊరు ఖమ్మం, ఉండేది టెక్సస్‌లో ఫ్రిస్కో, చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. 2023 వేసవిలో డెంటన్ ఎయిర్‌పోర్టులో సెస్నా 172 మీద నేర్చుకోవడం మొదలుపెట్టి, మరుసటి ఏడాది చివర్లో ప్రైవేట్ పైలట్ లైసెన్సు తెచ్చుకున్నాను. రూలు ప్రకారం 40 గంటలు ఎగిరితే పరీక్షకు వెళ్లొచ్చు. నాకు 71 పట్టాయి. సిటిజన్లు కానివాళ్లు వీటన్నిటికంటే ముందు టీఎస్‌ఏ (అమెరికా రవాణా భద్రతా సంస్థ) అనుమతి తెచ్చుకోవాలి, వేలిముద్రలతో సహా. యాప్ గొడవ తర్వాత, ముందు ఆ పని చూసుకోండి.

ఫోర్‌ఫ్లైట్ ఐప్యాడ్‌లో, ఐఫోన్‌లో మాత్రమే నడుస్తుంది, ఆండ్రాయిడ్‌లో లేదు. ఎవరైనా అడిగితే "విమానాలకి గూగుల్ మ్యాప్స్" అని చెప్పేస్తుంటాం గానీ ఆ పోలిక కొంచెం మోసం చేస్తుంది. గూగుల్ మ్యాప్స్‌లో ఊరి పేరు కొడితే దారి అదే వెతికి ఇస్తుంది, మనం తల ఊపి బయల్దేరతాం. ఇక్కడ రెండు ఎయిర్‌పోర్టుల పేర్లు కొడితే మధ్యలో ఒక గులాబీ గీత పడుతుంది, అంతే. ఆ గీత డీఎఫ్‌డబ్ల్యూ (డాలస్–ఫోర్ట్‌వర్త్) పెద్ద ఎయిర్‌పోర్టు గగనతలంలోంచి దూసుకుపోతున్నా అదేం మొహమాటపడదు. గీత మంచిదా చెడ్డదా అని తేల్చుకోవలసింది మనమే. అందుకే ఏమీ తెలియని మొదటి నెలలో ఇది చేతికొస్తే అందమైన బొమ్మ తప్ప ఇంకేం కాదు.

ముందు ఐప్యాడ్ గురించి, ఎందుకంటే నేను డబ్బులు పోగొట్టుకున్నది అక్కడే. ఇంట్లో పిల్లలు కార్టూన్లు చూసే వైఫై ఐప్యాడ్ ఉంది కదా, అదే చాలనుకున్నాను. వైఫై మోడళ్లలో జీపీఎస్ ఉండదు. ఇంట్లో సోఫాలో కూర్చున్నప్పుడు మన స్థానం చక్కగా చూపించేది వైఫై పుణ్యమే, గాల్లోకి లేస్తే ఆ చిన్న విమానం బొమ్మ కదలదు. జీపీఎస్ కావాలంటే సెల్యులార్ మోడల్ కొనాలి. సిమ్ వేయక్కర్లేదు, నెలనెలా బిల్లు కట్టక్కర్లేదు, లోపల ఆ చిప్ ఉంటే చాలు. లేదంటే బయటి జీపీఎస్ రిసీవర్ ఒకటి జత చేసుకోవాలి. నేను చివరికి సెకండ్‌హ్యాండ్‌లో సెల్యులార్ ఐప్యాడ్ మినీ కొన్నాను. మినీయే ఎందుకంటే సెస్నా 172 ముందు సీటు మన పాత అంబాసిడర్ ముందు సీటంత కూడా ఉండదు. పెద్ద ఐప్యాడ్ తొడ మీద పెట్టుకుంటే స్టీరింగ్ వెనక్కి లాగినప్పుడల్లా దానికే తగులుతుంది.

ఇక అసలు విషయం. ఈ యాప్‌కి పెట్టిన డబ్బులు నాకు వసూలయింది ఆకాశంలో కాదు, మా డైనింగ్ టేబుల్ దగ్గర.

ప్రయాణానికి ముందు రోజు రాత్రి, పిల్లలు పడుకున్నాక, ఒక పక్క పెరుగన్నం గిన్నె, ఒక పక్క ఐప్యాడ్. డెంటన్ నుంచి ఓక్లహోమాలోని ఆర్డ్‌మోర్‌కి 66 నాటికల్ మైళ్లు. గీత మీద వేలు ఆన్చి లాగితే రబ్బరు బ్యాండులా సాగుతుంది, ఎక్కడ కావాలంటే అక్కడ ఒక మలుపు పెట్టుకోవచ్చు. రెండు వేళ్లు రెండు చోట్ల ఆనిస్తే మధ్యలో దూరం, దిక్కు చూపిస్తుంది. ఎత్తు మార్చి చూస్తే ఆ ఎత్తులో గాలి ఎటునుంచి ఎంత కొడుతోందో లెక్కేసి, ప్రయాణ సమయం, పెట్రోలు మళ్లీ చెబుతుంది. ఉత్తరంగా, కాస్త తూర్పుకి వాలి వెళ్తున్నాను కాబట్టి బేసి వేల మీద ఐదొందలు, అంటే 5,500 అడుగులు, తిరిగొచ్చేటప్పుడు 4,500. ఈ రూలు పుస్తకంలో పదిసార్లు చదివాను. ఎత్తులు మార్చి మార్చి చూసిన ఆ రాత్రే బుర్రకెక్కింది.

యాప్‌లో డాలస్ పక్కనున్న ఆర్లింగ్టన్ వైపు చూస్తే స్టేడియాల చుట్టూ వలయాలు. 30,000 మందికి పైగా పట్టే స్టేడియంలో పెద్ద లీగు బేస్‌బాల్, ఫుట్‌బాల్ మ్యాచ్ ఉంటే, మొదలవడానికి గంట ముందు నుంచి అయిపోయిన గంట వరకు, చుట్టూ 3 నాటికల్ మైళ్ల లోపు 3,000 అడుగుల కింద ఎగరకూడదు. బేస్‌బాల్ సీజన్‌లో మా డాలస్ వాళ్లకి ఇది రోజువారీ తలనొప్పి. కాగితం మ్యాప్ మీద అది కనపడదు. ఈ ఒక్క సంగతికే నేల మీద ప్లానింగ్‌కి నేను పదికి తొమ్మిది మార్కులు వేస్తాను.

అయితే మా ఇన్‌స్ట్రక్టర్ షరతు ఒకటుండేది. మొదటి ఆరు ప్రయాణాలకి లెక్కలన్నీ ముందు కాగితం మీద, ప్లాటర్ అనే స్కేలుతో గీత గీసి, ఈ6బి అనే గుండ్రటి లెక్కల చక్రం తిప్పి చేయాలి. ఆ తర్వాతే యాప్ తెరిచి పోల్చుకోవాలి. మొదట్లో తిట్టుకున్నాను. ఇంజినీరింగ్ చదివి చక్రాలు తిప్పడమేంటని. రెండో ప్రయాణానికి నా కాగితానికీ యాప్‌కీ దిక్కులో ఆరు డిగ్రీల తేడా వచ్చింది. టెస్టర్ని కదా, వెంటనే యాప్‌లో బగ్ దొరికిందని సంబరపడ్డాను. అయస్కాంత ఉత్తరానికి సవరణ తీసేయాల్సింది పోయి కలిపాను. బగ్ నాదే.

ఇప్పుడు గాల్లో ఆరు మార్కుల కథ. 2024 ఆగస్టు, ఆర్డ్‌మోర్‌కి ఇన్‌స్ట్రక్టర్‌తో మొదటి ప్రయాణం. పొద్దున ఎనిమిదికి బయల్దేరాల్సింది, ముందు బ్యాచ్ వాళ్లు విమానం ఆలస్యంగా తెచ్చేసరికి పదకొండయింది. టెక్సస్ ఆగస్టు పదకొండు గంటలంటే మన రోహిణి కార్తె. ఐప్యాడ్‌ని రబ్బరు కప్పు స్టాండుతో నేరుగా ఎడమ అద్దానికి అతికించాను, ఎండ సూటిగా దాని మొహం మీదే. ఐప్యాడ్‌ను 35 డిగ్రీల లోపు వేడిలోనే వాడమని ఆపిల్ స్పష్టంగా రాస్తుంది. నేను చదివాను కూడా. చదివినవన్నీ పాటిస్తే ఇంకేం.

రే రాబర్ట్స్ చెరువు కుడి పక్కన దాటింది. గెయిన్స్‌విల్ కింద నుంచి వెళ్లింది. నేను చూస్తున్నది మాత్రం గులాబీ గీత మీద నీలం విమానం బొమ్మని. గీతకి ఇసుమంత పక్కకి జరిగితే సరిచేయడం, మళ్లీ జరిగితే మళ్లీ సరిచేయడం. వీడియో గేమ్ ఆడుతున్నట్టే ఉంది. ఉన్నట్టుండి స్క్రీన్ నల్లబడి, థర్మామీటర్ బొమ్మ ఒకటి వచ్చి కూర్చుంది, చల్లబడ్డాక వాడుకోమని.

గుండె జారిపోయింది. పక్కకి చూస్తే ఇన్‌స్ట్రక్టర్ కిటికీలోంచి ఎటో చూస్తూ చూయింగ్ గమ్ నములుతున్నారు.

తల ఎత్తాను. ఎదురుగా ఎర్రమట్టి రంగు నీళ్లతో వంకరటింకర నది, మధ్యలో ఇసుక మేటలు. రెడ్ రివర్. దాని మీదుగా ఐ 35 హైవే వంతెన. అవతలి గట్టున హైవే పక్కనే విన్‌స్టార్ కాసినో, ఆ పొలాల మధ్య అంత పెద్ద కట్టడం ఇంకోటి లేదు. నేనెక్కడున్నానో చెప్పడానికి ఇంతకంటే పెద్ద బోర్డు ఎవరు పెడతారు? పది నిమిషాలుగా అవన్నీ నా ముందే పెరుగుతూ వస్తున్నాయి, నేను చూడలేదంతే. మోకాలి మీది కాగితంలో నది దాటాల్సిన సమయం రాసుకున్నాను. గడియారం చూస్తే రెండు నిమిషాలే తేడా.

అక్కడి నుంచి హైవే పట్టుకుని వెళ్లాం. ఆర్డ్‌మోర్ కంట్రోల్ టవర్ రేడియో ఫ్రీక్వెన్సీ వేరే రాసిపెట్టుకోలేదు, యాప్‌లో నొక్కితే వస్తుంది కదా అని. వెనక సీట్లోంచి కాగితం మ్యాప్ లాగి, మడతలు విప్పి, ఎయిర్‌పోర్టు పేరు పక్కన సన్నటి నీలి అక్షరాల్లో ఉన్నది వెతికి చదివాను. ఒక చేత్తో మ్యాప్, ఒక చేత్తో విమానం. ఈలోపు 200 అడుగులు దిగిపోయాం. దిగాక ఆయన అన్నది ఒకటే మాట: "గెయిన్స్‌విల్ దగ్గరే చూశాను అది వేడెక్కడం. అప్పుడే చెబితే నువ్వు బయటికి చూసేదానివా?"

ఆ రాత్రి నాన్నకి ఫోన్‌లో ఇదంతా చెప్పాను. నాన్న ఆర్టీసీ డ్రైవరు, ఖమ్మం–భద్రాచలం రూట్లో ఏళ్ల తరబడి నైట్ డ్యూటీలు చేశాడు. "నాకు పాల్వంచ కూలింగ్ టవర్లు కనపడితే ఇంక గంట లోపే అని లెక్క" అన్నాడు. అంతలోనే ఆయన గొంతు మారిపోయింది. సరిగ్గా ఆ నెల మొదట్లోనే అక్కడి థర్మల్ విద్యుత్ కేంద్రం కేటీపీఎస్ పాత టవర్లు ఎనిమిదీ కూల్చేశారు. రెండు రోజులు ఆ వీడియోనే తిప్పి తిప్పి చూశాడట. నా ఐప్యాడ్ గోల పక్కకి పోయి, మిగతా ఫోన్ అంతా టవర్ల మీదే నడిచింది.

వాతావరణం గురించి కూడా ఒకటి చెప్పాలి. ఏడీఎస్-బి రిసీవర్ (విమానాల స్థానాలూ వాతావరణమూ రేడియోలో అందుకునే చిన్న పెట్టె) కలిపితే వాన మేఘాల రాడార్ చిత్రం, చుట్టుపక్కల విమానాలు యాప్‌లో కనపడతాయి. చూడటానికి టీవీలో వార్తల మ్యాప్‌లా రంగురంగులుగా ఉంటుంది. కానీ అది ఇప్పటి వాన కాదు. అమెరికా రవాణా భద్రతా బోర్డు 2012లోనే హెచ్చరించింది, స్క్రీన్ మీద చూపించే వయసు కంటే అసలు బొమ్మ కొన్నిసార్లు 15 నుంచి 20 నిమిషాలు పాతదై ఉండొచ్చని. ఓక్లహోమా మేఘాలు ఇరవై నిమిషాల్లో ఏమైనా చేయగలవు. కాబట్టి రెండు ఎర్ర మచ్చల మధ్య పచ్చటి సందు కనపడింది కదా అని దూరొద్దు. చుట్టూ ఉన్న విమానాలు కూడా అన్నీ కనపడవు, తమ స్థానాన్ని ప్రసారం చేసే పరికరం లేని పాత విమానాలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.

ఇంకో రెండు సంగతులు గబగబా. "ప్యాక్" అని ఒక బటన్ ఉంటుంది, ప్రయాణానికి కావలసిన మ్యాపులు, వాతావరణం అంతా దించుకుంటుంది. ముందు రాత్రి ఇంట్లోనే నొక్కండి. నేను ఒకసారి మరిచిపోయాను. రన్‌వే పక్కన ఫోన్ హాట్‌స్పాట్‌తో దించుకుంటూ, ఇంజిన్ తిరుగుతుంటే మీటర్ మీద డాలర్లు తిరగడం చూస్తూ కూర్చున్నాను. మ్యాపులకి గడువు తేదీలు ఉంటాయి, విజువల్ మ్యాపులు 56 రోజులకోసారి మారతాయి. పరీక్ష రోజున పాత మ్యాపుతో వెళ్లకండి. అన్నట్టు పరీక్షలో ఎగ్జామినర్ "నీ ఐప్యాడ్ చచ్చిపోయిందనుకో" అని పక్కన పెట్టించే అవకాశం చాలా ఎక్కువ. నాకు పెట్టించారు. రెడ్ రివర్ పుణ్యమా అని నవ్వొచ్చింది.

ధర: నేను తీసుకున్నప్పుడు అన్నిటికంటే కింది ప్లాన్ ఏడాదికి 120 డాలర్లు. ఇప్పుడు ప్లాన్ల పేర్లూ ధరలూ మారాయి. నేర్చుకునేవాళ్లకి కిందిది చాలు. కంపెనీ కూడా చేతులు మారింది, 2019లో బోయింగ్ కొన్నది, 2025లో జెప్పెసన్ అనే విమాన మ్యాపుల కంపెనీతో కలిపి తోమా బ్రావో అనే పెట్టుబడి సంస్థకి అమ్మేసింది. అందుకే రెన్యువల్ మెయిల్ వచ్చినప్పుడు అంకె చూసి నొక్కండి. ఆండ్రాయిడ్ వాళ్లు గార్మిన్ పైలట్ అనే యాప్ చూడొచ్చు. గార్మిన్ వాళ్లదే ఫ్లైట్‌ప్లాన్ గో ఉచితం. పైసా పెట్టకుండా మ్యాపు చదవడం నేర్చుకోవడానికి అది బాగానే పనికొస్తుంది.

నా ఐప్యాడ్ ఇప్పుడు అద్దం మీద లేదు, కుడి మోకాలి మీద, నా నీడలో ఉంటుంది. ఎడమ మోకాలి మీద కాగితం, దాని మీద ఫ్రీక్వెన్సీలన్నీ పెన్నుతో. ఫోర్‌ఫ్లైట్ ట్రయల్ 30 రోజులు ఉచితం. అది మొదటి క్లాసు రోజున మొదలుపెట్టి వృథా చేసుకోకండి, ఎయిర్‌పోర్టు చుట్టూనే సర్క్యూట్లు తిరుగుతూ లాండింగులు నేర్చుకునే నెలల్లో దానితో పని లేదు. మీ ఇన్‌స్ట్రక్టర్ "వచ్చే వారం వేరే ఊరికి వెళ్దాం" అన్న రోజు రాత్రి, కాగితం లెక్క పూర్తయ్యాక నొక్కండి.